నీళ్ళు అడిగిన వాకిలి

కాలు మోపడానికి చోటిచ్చే దేవా, నీకు స్తోత్రం. గుడారాల్లో బతికినవాళ్ళకూ గోడలు కట్టుకున్నవాళ్ళకూ ఒక్కలాగే తోడు నడిచినవాడా, నీకు స్తోత్రం. మేము అడిగిన తీరు తప్పయినా, అడిగిన సంగతి నువ్వు మరిచిపోనందుకు నీకు స్తోత్రం.

ఈ మాటలు ముందు పెట్టకుండా ఏదీ మొదలుపెట్టకూడదని మా తాత నేర్పాడు. ఆయన శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే గ్యాంగు పనికి వచ్చి భిలాయిలో స్థిరపడ్డాడు. పట్టాల పక్కన పనిచేసే చదువు రాని వాళ్ళకు సాయంత్రాలు బైబిలు వాక్యం చదివి వినిపించేవాడు. ఊరికి కార్డు రాసినా మొదటి రెండు వరుసలూ దేవుడివే. మిగిలిన చోటు చాలక, అసలు సంగతి అంచుల్లో చిన్న అక్షరాలతో రాసేవాడు. నాకు ఇక్కడ చోటుకు కరువు లేదు కాబట్టి సంగతి కొంచెం వివరంగానే రాస్తాను.

ఇది పోయినేడు వేసవిలో మేము ఇల్లు వెతుక్కున్న సంగతి.

అప్పటికి భిలాయిలోనే ఖుర్సీపార్‌లో ఒక ఇంటి పై వాటాలో అద్దెకుండేవాళ్ళం. నేనూ, మా ఆయనా, ఏడేళ్ళ మా అమ్మాయి. వీధిలో సగం మంది మనవాళ్ళే. మూల కొట్లో చింతపండుకి తెలుగులో బేరమాడవచ్చు, పక్క కొట్లో సబ్బుకి హిందీలో. బాగానే ఉండేది. అయితే ఇంటాయన కొడుక్కి పెళ్ళి కుదిరింది, పై వాటా వాళ్ళకే కావలసి వచ్చింది. బడులు తెరిచేలోపు ఖాళీ చేయమని ఆయన మర్యాదగానే చెప్పాడు. తప్పు ఆయనది కాదు. అంతకుముందు రెండు ఇళ్ళూ ఇలాగే ఏదో ఒక న్యాయమైన కారణంతోనే వదిలాం.

న్యాయమైన కారణాలు పెద్దవాళ్ళకు సరిపోతాయి. మా అమ్మాయికి సరిపోలేదు. మొదటి ఇంట్లో ఉన్నప్పుడు ఎదురింటి పిల్లతో కలిసి తిని, కలిసి పడుకునేంత స్నేహం. రెండో ఇంట్లో స్నేహం కుదరడానికి ఏడాది పట్టింది, కుదిరిన నెలకే ఇల్లు మారాం. ఖుర్సీపార్‌లో మెట్లు దిగి వీధిలోకి వెళ్ళడమే మానేసింది. పిల్లలు కింద నుంచి పిలిస్తే కిటికీ దగ్గరికి వెళ్ళి చూసి, మళ్ళీ వచ్చి కూర్చునేది.

మంచం కింద దానికో సంచి ఉండేది. గులాబీ రంగు పాత స్కూలు సంచి. జిప్పు చెడిపోతే పిన్నీసు పెట్టుకుంది. అందులో రెండు గౌన్లు, ఒక దువ్వెన, రంగు పెన్సిళ్ళు, ఒక స్టీలు నీళ్ళ సీసా. సీసా మీద మొదటి ఇంటి స్నేహితురాలు అతికించిన సీతాకోకచిలుక బొమ్మ, సగం చెరిగిపోయింది. ఆ సీసాను ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. రోజూ పొద్దున్నే పాత నీళ్ళు పారబోసి కొత్త నీళ్ళు పట్టి సంచిలో పెట్టేది. ఎందుకమ్మా అంటే, ఎప్పుడు వెళ్ళాల్సి వస్తుందో తెలియదు కదా అంది. అదీ హిందీలోనే. మా అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది గానీ నోటికి హిందీయే ముందు వస్తుంది.

ఇంటాయన వచ్చి చెప్పి వెళ్ళిన రోజు అది నన్ను ఒకటే అడిగింది. "మమ్మీ, నయా వాలా ఘర్ కబ్ ఖాలీ కర్‌నా హై?"

కొత్త ఇంట్లో ఇంకా అడుగు పెట్టలేదు. ఎక్కడో కూడా తెలియదు. దాన్ని ఎప్పుడు ఖాళీ చెయ్యాలని అడిగింది. ఆ మాట విన్నాక మా ఆయన అద్దె ఇంటి మాట ఎత్తలేదు. మా తాహతుకు చిన్నదైనా సరే, సొంతానికే చూద్దామన్నాడు.

మా ఆయనది చరోదా యార్డులో పని. గూడ్సు బళ్ళు వచ్చి ఆగితే చక్రాలూ బ్రేకులూ చూసి పంపాలి. సుత్తితో చక్రాన్ని తట్టి, చప్పుడు విని, మంచిదో పగుళ్ళున్నదో చెప్పేస్తాడు. ఏ వస్తువునైనా తట్టి చూడటం ఆయన అలవాటు. పుచ్చకాయా, తలుపూ, అత్తవారి గోడా ఏదీ మినహాయింపు కాదు. ఇల్లు కొనాలనగానే డ్యూటీ కాగితం వెనక ఒక జాబితా రాశాడు. యార్డు ఎంత దూరం, బడి ఎంత దూరం, వానాకాలం వీధిలో నీళ్ళు నిలుస్తాయా, కూరల బజారు, ఆస్పత్రి.

"చుట్టుపక్కల మనుషులు ఎలాంటివాళ్ళో రాయలేదేటండీ?" అన్నాను.

"అదెలాగ చూస్తావే? గోడని కొడితే సౌండొస్తాది. మనుషుల్ని కొట్టగలమేటి?"

నాకు మాత్రం ముఖ్యమైనది అదే. గోడ ఎలాంటిదైనా, పిల్ల గడప దాటి బయటికి వెళ్ళే ఊరు కావాలి. దాన్ని ఎలా కొలవాలో తెలియక వాక్యంలో వెతికాను. యజమాని కొడుక్కి పెళ్ళికూతురును వెతకడానికి దూరదేశం వెళ్ళిన నమ్మకమైన పనివాడి కథ నేను సండే స్కూల్లో పిల్లలకు ఏటా చెబుతాను. అతను సాయంత్రం బావి దగ్గర ఒంటెలను కూర్చోబెట్టి, నీళ్ళను గుర్తుగా పెట్టుకుని ప్రార్థిస్తాడు. కుండ దించి అతనికీ ఒంటెలకూ నీళ్ళు పోసిన ఊరి పిల్ల రూపంలో దేవుడు ఆ గుర్తు ఇస్తాడు. అంతకంటే తేట దారి ఏముంది? మూడు రోజులు మధ్యాహ్నం దాకా ఉపవాసం ఉండి, నేనూ ఒక గుర్తు అడిగాను. మేము ఇల్లు చూడటానికి వెళ్ళిన చోట, మేము అడగకుండా ఎవరు మాకు నీళ్ళిస్తారో, ఆ చోటే మాకు నువ్వు ఉంచిన చోటు. మే నెల భిలాయిలో ఆ గుర్తు కష్టమైనదీ కాదు, తేలికా కాదు.

ప్రార్థనలో తప్పు లేదనే ఇప్పటికీ అనుకుంటాను. తప్పు తర్వాత చేశాను. గురువారం స్త్రీల కూడికలో ఆ సంగతి పైకి చెప్పాను.

మా కూడికలో ఒక పద్ధతి ఉంది. పాటలూ వాక్యమూ అయ్యాక ఒక్కొక్కరూ తమ అవసరం చెప్పాలి. చెప్పినది ఇక ఆ ఒక్కరిది కాదు, అందరిదీ. ఒకరి మోకాలి నొప్పికి పది ఇళ్ళలో ప్రార్థన జరుగుతుంది, పది రకాల నూనెలూ వస్తాయి. నా వంతు వచ్చినప్పుడు ఇంటి సంగతి చెప్పి ఊరుకోవాల్సింది. నీళ్ళ గుర్తు కూడా చెప్పేశాను.

మా సంఘంలో అందరికంటే పెద్దామె సుపేలాలో ఉంటుంది. బంధువు కాదు గానీ చిన్నప్పటి నుంచీ పెద్దమ్మ అనే పిలుస్తాను. ఆమె భర్త స్టీలు ప్లాంటులో చేసి రిటైరై, తర్వాత ప్రభువు దగ్గరికి వెళ్ళాడు. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"ఓలమ్మా, ఎంత మంచి గుర్తడిగినావే! ఇస్తాడు. ఇవ్వకేటి సేస్తాడు!"

ఆ మాటలో పట్టుదల ఎక్కువ వినిపించింది. అది విశ్వాసమనుకుని సంతోషించాను.

మొదట దుర్గ్ వైపు కొత్తగా వేసిన కాలనీ చూడటానికి వెళ్ళాం. చూపించినవాడు బ్రోకరు. మేము స్కూటర్ దిగగానే కారు డిక్కీ తెరిచి, అట్టపెట్టెలోంచి మూడు చల్లటి నీళ్ళ సీసాలు తీసి చేతుల్లో పెట్టాడు. "పహలే పానీ పీజియే, భాభీజీ." మా ఆయన మూత తిప్పుతూ నా వైపు చూశాడు.

"ఏటే, గుర్తొచ్చీసిందా?"

"అమ్మేవాడు ఇస్తే లెక్కలోకి రాదు."

"ఆ షరతు దేవుడికి ముందు చెప్పినావా, ఇప్పుడు కలుపుతన్నావా?"

నేను సీసా మూత బిగించి ఇళ్ళ వైపు నడిచాను. అక్కడ కట్టిన ఇళ్ళు పదిహేనో ఇరవయ్యో, మనుషులున్నవి రెండు. మా అమ్మాయి స్కూటర్ దగ్గరే సంచి భుజాన వేసుకుని నిలబడింది. రమ్మంటే, "దేఖ్ లియా" అంది, చూసేశాగా అన్నట్టు. యార్డుకి కూడా చాలా దూరం. ఆయన జాబితాలోనే ఆ ఇల్లు పోయింది, నాకు మళ్ళీ ప్రార్థించాల్సిన పని తప్పింది.

తర్వాతి వారం సుపేలాలో రెండో అంతస్తు ఫ్లాటు. ఆ ఇంటి సంగతి చెప్పినది పెద్దమ్మే. వాళ్ళ వీధిలోనే, నాలుగు ఇళ్ళ అవతల. ఎండలో మెట్లెక్కి బెల్లు నొక్కబోతుండగానే తలుపు తెరుచుకుంది. ఒకావిడ పళ్ళెంలో మూడు గ్లాసుల నిమ్మరసం పట్టుకుని నిలబడి ఉంది. నమస్కారం కూడా పెట్టుకోలేదు, ముందు గ్లాసు చేతికిచ్చింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అక్కడే, గుమ్మంలోనే, మనసులో స్తోత్రం చెప్పేసుకున్నాను.

ఆ తర్వాత నేను ఏమీ సరిగ్గా చూడలేదు. మా ఆయన పడకగది గోడ తట్టి, చెవి పెట్టి, మళ్ళీ తట్టాడు. "తేమ పట్టీసింది" అన్నాడు. పరవాలేదన్నాను. బాల్కనీలో నిలబడితే మెయిన్ రోడ్డు మీద ఆటోల మోతకు ఒకరి మాట ఒకరికి వినబడలేదు. అలవాటవుతుందన్నాను. మా అమ్మాయి లోపలికి రాలేదు. గ్లాసు మెట్టు మీద పెట్టి, సంచి ఒళ్ళో పెట్టుకుని, కింది నుంచి ఎక్కి వచ్చేవాళ్ళకు దారి ఇస్తూ కూర్చుంది. అదీ చూశాను. చూసి కూడా, గుర్తు వచ్చాక ఇంకేం కావాలి అనుకున్నాను. ఎవరి కోసం గుర్తు అడిగానో ఆ పిల్లనే లెక్కలోంచి తీసేశాను.

వెళ్తుంటే ఆవిడ నవ్వుతూ అంది. "ఆంటీ నే బోలా థా, ఆతే హీ పానీ దేనా, మాంగ్‌నే సే పహలే."

రాగానే ఇవ్వాలి, అడగకముందే ఇవ్వాలి అని ఆంటీ చెప్పి ఉంచింది. ఏ ఆంటీ అని అడగక్కర్లేకపోయింది. మా ఆయన నవ్వు ఆపుకోలేక మెట్ల మీద గోడ పట్టుకున్నాడు.

నేరుగా పెద్దమ్మ ఇంటికే వెళ్ళాం. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

"పెద్దమ్మా, నిమ్మరసం నువ్వే చెప్పినావా?"

"సెప్పినాను. అయితేటి?"

"అది గుర్తు కదా! దేవుడు చెయ్యాలి కదా!"

"దేవుడికి సేతులేవే? మన సేతులే కదా. నేను సాయం సేసినాను గానీ మోసం సేసినానా?" అని, చేటలోకి చూస్తూ గొంతు తగ్గించింది. "నాకు అచ్చరాలు కనబడ్డం లేదే. నువ్వీ ఈదిలో ఉంటే పొద్దున్న పూట ఒక అధ్యాయం సదివెడతావని ఆశపడినాను. తప్పేనా?"

కోపంతో వెళ్ళినదాన్ని. చేట అందుకుని నేనూ రాళ్ళు ఏరాను. ఆమె చూపు మసకైన సంగతి ప్రతి గురువారం పక్కన కూర్చునే నాకు అప్పుడే తెలిసింది. కూడికలో అన్ని అవసరాలూ పైకి చెబుతామనుకుంటాం. ఆమె తన అవసరం చెప్పుకోలేదు, నా అవసరంలోకి దాన్ని దూర్చింది.

బయటికి వచ్చాక మా ఆయన అన్నాడు. "ఇంక ఎక్కడికెళ్ళినా మీ గుంపులో చెప్పకు. ఊరంతా బిందెల్తో నిలబడతారు."

గడువుకు ఇంకా రెండు వారాలున్నాయి. మా ఆయనతో యార్డులో పనిచేసే ఒకతను కుమ్హారి మాట చెప్పాడు. రాయ్‌పూర్‌కీ మాకూ మధ్య ఊరు. చెరువు వెనక ఒకే వరుసలో పది ఇళ్ళు కట్టారు, ఒకటి మిగిలి ఉంది. చరోదా దగ్గరే, డ్యూటీకి సుఖం. నాకు కుమ్హారి అంటే రైలు కిటికీలోంచి కనబడి పోయే ఊరు, అంతే. అయినా వెళ్ళాం. ఈసారి ఎవరికీ చెప్పలేదు.

ఆయన రాత్రి డ్యూటీ దిగి కాసేపు పడుకుని లేచాక బయల్దేరాం. చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది. తాళం చెవి ఉన్నతను చరోదా నుంచి రావాలి, ఇంకో అరగంట అన్నాడు. తాళం వేసిన ఆ ఇంటి ముందు చిన్న అరుగు, దాని మీద రేకు పంచ. అక్కడ కూర్చున్నాం. మేము తెచ్చుకున్న సీసా దారిలోనే అయిపోయింది.

ఎదురింటి కిటికీ తెర జరిగింది, మళ్ళీ మూసుకుంది. ఒకాయన సైకిల్ మీద పోతూ మమ్మల్ని చూసి, ముందుకు తిరిగి వెళ్ళిపోయాడు. ఎడమ పక్కింటి ఆవిడ ఆరిన బట్టలు తీసుకుంటూ మా వైపు ఒకసారి చూసి, తలుపు వేసుకుంది. నేను లెక్కపెడుతూ కూర్చున్నాను. రెండు ఇళ్ళు, ముగ్గురు మనుషులు, ఒక్క గ్లాసు లేదు. నా లెక్కలో కుమ్హారి అయిపోయింది. మా ఆయన మాత్రం వీధి చివరికి నడిచి, కాలువ వాలు చూసి, చెరువు గట్టు చూసి సంతోషంగా వచ్చాడు.

"నీళ్ళు నిలబడవే. వాలు బాగా ఇచ్చినారు."

"మనుషులు చూశారా? మంచినీళ్ళు కావాలా అన్నవాళ్ళు లేరు."

"నువ్వడిగినావేటి?"

"అడక్కుండానే ఇవ్వాలి కదా."

"బాగుంది. నువ్వడగవు. ఆళ్ళకి తెలీదు. దేవుడే మధ్యలో ఎండకి మాడుతన్నాడు."

అప్పుడు వచ్చింది ఒక ముసలామె. తల మీద వెదురు గంప, అందులో అమ్ముడుపోగా మిగిలిన ఎర్ర తోటకూర కట్టలు, మీద తడిగుడ్డ. పంచ నీడ చూసి గంప దించి, మా అరుగు మీదే కూర్చుంది. మమ్మల్ని ఇంటివాళ్ళనుకుంది కాబోలు. చెంగుతో మొహం తుడుచుకుని, మా అమ్మాయి వైపు చూసి ఛత్తీస్‌గఢీలో అడిగింది.

"థోర్‌కన్ పానీ దేబే కా, నోనీ?"

కొంచెం నీళ్ళిస్తావా, చిట్టితల్లీ అని. నేను ఖాళీ సీసా పట్టుకుని సిగ్గుపడ్డాను. నీళ్ళు లేవమ్మా, అయిపోయాయి అని చెప్పబోయాను. నీళ్ళున్నది పిల్ల సంచిలోనే, ఆ సీసా జోలికి నేను కూడా వెళ్ళను. నా నోట్లో మాట ఉండగానే పిన్నీసు తీసిన చప్పుడైంది. మా అమ్మాయి సంచి తెరిచి, సీతాకోకచిలుక సీసా బయటికి తీసి, మూత తిప్పి, రెండు చేతులతో ఇచ్చింది.

ముసలామె మూతి తగలకుండా పైకెత్తి పోసుకుని తాగింది. సగం తాగి, ఆగి, గాలి పీల్చుకుని మిగిలిన సగమూ తాగింది. సీసా తిరిగి ఇస్తూ మళ్ళీ అడిగింది. "కోన్ ఘర్ మా రహిథస్?"

ఏ ఇంట్లో ఉంటావు అని.

మా అమ్మాయి తల తిప్పి, వెనక తాళం వేసి ఉన్న తలుపు చూపించింది. "యహీ వాలా."

ఈ ఇల్లే, అంది. మేమిద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. ఆ ఇంట్లో గదులెన్నో మాకే తెలియదు. ముసలామె తలూపి, ఒక తోటకూర కట్ట తీసి పిల్ల ఒళ్ళో పెట్టి, గంప ఎత్తుకుని ఎండలోకి వెళ్ళిపోయింది. తాళం చెవి ఉన్నతను వచ్చేసరికి మా అమ్మాయి తోటకూర పట్టుకుని తలుపు దగ్గర అందరికంటే ముందు నిలబడి ఉంది.

మా ఆయన గోడలన్నీ తట్టాడు. ఒక్కచోట, వంటింటి మూలలో కొంచెం బోలుగా మోగిందట. మిగతావి గట్టివన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు స్కూటర్ మీద గాలిలోకి అరిచి చెప్పాడు.

"నీ గుర్తు ప్రకారం ఈ ఇల్లు ఫెయిలే!"

నేను బావి దగ్గరి కథే ఆలోచిస్తున్నాను. ఇన్నేళ్ళు చదివినా, ఇన్నిసార్లు చెప్పినా, నేనెప్పుడూ ఆ పనివాడి పక్కన నిలబడే చదివాను. గుర్తు అడిగిన మనిషి, నీళ్ళ కోసం ఎదురుచూసే మనిషి. కుండ దించిన పిల్ల పక్కన నిలబడి ఎప్పుడూ చదవలేదు. అక్కడ పరీక్ష నడుస్తోందని ఆ పిల్లకు తెలియదు. ఆమెకది తన ఊరు, తన బావి. వచ్చినవాడికి దాహం. అంతే తెలుసు. ఆ మధ్యాహ్నం అరుగు మీద నేను ఊరిని పరీక్షిస్తూ కూర్చున్నాను, మా అమ్మాయి ఊళ్ళో మనిషి చేసే పని చేసింది. దేవుడు నేను అడిగిన గుర్తు ఇవ్వలేదు. ఇచ్చినది మాత్రం నేను ఎవరి కోసం అడిగానో వాళ్ళ చేతిలోంచే ఇచ్చాడు.

ఇంటికి వచ్చాక తోటకూర పప్పు చేశాను. "ఇదే తీసుకుందాం" అన్నాను. ఆయన డ్యూటీ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

బడులు తెరవడానికి నాలుగు రోజుల ముందు చేరాం. కుమ్హారి మమ్మల్ని ఎదురొచ్చి పిలిచిందని రాస్తే అబద్ధమవుతుంది. సామాను దించుతుంటే ఎవరూ రాలేదు. గృహ ప్రతిష్ఠ ప్రార్థనకు ముందు నేనే ఇంటింటికీ వెళ్ళి చెప్పాను. మావాళ్ళు వస్తారు, పాటలు పాడతారు, ఏడుకల్లా అయిపోతుంది, మీరూ రండి అని. ఎదురింటాయన మైకు ఉంటుందా అన్నాడు. లేదంటే సరేనన్నాడు. ఎడమ పక్కింటి ఆవిడ, అప్పుడు బట్టలు తీసుకుని తలుపు వేసుకున్నావిడే, ప్రసాదం ఉంటుందా అని అడిగింది. కేసరి చేస్తామన్నాను. రాలేదు గానీ కూతురి చేత గిన్నె పంపింది. సుపేలా పెద్దమ్మ ఆటోలో ఆవకాయ జాడీ ఒళ్ళో పెట్టుకుని వచ్చి, "నా ఈది వొదిలీసి ఇంత దూరం వొచ్చీసినారా" అని గుమ్మంలో దెప్పి, లోపలికి వచ్చి అందరికంటే గట్టిగా పాడింది. ఇప్పుడు రోజూ పొద్దున్నే ఫోనులో ఆమెకు ఒక అధ్యాయం చదువుతాను. మధ్యలో కుక్కరు కూత వేస్తే, అదీ వాక్యంలోనే ఉందా అంటుంది.

మా అమ్మాయి గేటు దాకా వెళ్ళేది. గేటు దాటడానికి ఇంకా సమయం తీసుకుంది. సంచి ఈ ఇంట్లోనూ మంచం కిందికే చేరింది, గౌన్లూ దువ్వెనా దానిలోనే. రోజూ సీసా మాత్రం నింపేది. సంచి ఖాళీ చెయ్యమని నేను అనలేదు. నోటితో చెబితే అయ్యే పని కాదది.

ముసలామె వానాకాలంలో ఒకసారి మా వీధిలోకి వచ్చింది. మేము పరుగున వెళ్ళి పలకరించాం. ఆమె మమ్మల్ని గుర్తుపట్టలేదు. రెండు కట్టలు కొన్నాం.

ఈ ఏడు ఎండలు ముదిరాక, గేటు బయట ఒక మట్టికుండ పెడదామని మా అమ్మాయే అంది. ఇక్కడ వేసవిలో దారినపోయేవాళ్ళ కోసం అలా పెట్టడం అలవాటే. కుండ తెచ్చి, మూత మీద గ్లాసు పెట్టి, గేటు పక్కన ఉంచాం. మర్నాడు మధ్యాహ్నం ఎడమ పక్కింటి ఆవిడ గేటు కొట్టింది. ఏడాదిలో మా గేటు కొట్టడం అదే మొదటిసారి.

"ధూప్ మే మట్‌కా రఖా హై! పానీ పిలా రహే హో కి చాయ్?"

ఎండలో కుండ పెట్టి తాగడానికి నీళ్ళిస్తున్నారా, టీ ఇస్తున్నారా అని. నేను క్షమించు దీదీ అనేలోపే ఆమె కుండ ఎత్తి, తన గోడ నీడలోకి మార్చింది. కూతురిని కేకేసి ఇసుక తెప్పించి, తడిపి, కుండను దాని మీద కూర్చోబెట్టింది. ఇంత పెద్ద చదువులు చదివారు, ఇది తెలియదా అని నన్ను తిడుతూనే, చుట్టూ చుట్టడానికి తడిగుడ్డ కావాలంది. ఇంట్లో పాత గుడ్డ ఏదుందా అని నేను ఆలోచిస్తుండగా మా అమ్మాయి లోపలికి పరుగెత్తింది.

తెచ్చినది సంచిలో గౌను. దులిపి ఒంటికి ఆనించి చూసుకుంటే మోకాళ్ళ పైకి వచ్చింది. "యే తో ఛోటా హో గయా" అని తనే ఆశ్చర్యపోయింది. సంచిలో ఉన్నంతకాలం ఆ గౌను అంతే ఉంది, పిల్ల పెరిగింది. దీదీ కత్తెర తెమ్మంది. గౌనును నిలువునా కత్తిరించి, తడిపి, కుండకు చుట్టి ముడి వేశారు. కుట్లు విప్పడం ఎవరి పని, నీళ్ళు పొయ్యడం ఎవరి పని అని పిల్లలిద్దరూ పోట్లాడుకుని, ఇద్దరూ కలిసి బిందె తేవడానికి వాళ్ళ ఇంట్లోకి వెళ్ళారు. గేటు తెరిచే ఉంది. నేను వెయ్యలేదు.

రెండో గౌను ఇంకా సంచిలో ఉంది. అది ఎప్పుడు తీస్తుందో తెలియదు, నేను అడగను.

చదివినవారు ఒక్క నిమిషం నాతో కలిసి తల వంచండి. ఈ పూట ఎక్కడో అద్దె గదిలో సంచి సర్దుకుని కూర్చున్న పిల్లల పేర్లు మనకు తెలియవు, ఆయనకు తెలుసు. వాళ్ళకు ఒక గడప చూపించమని అడుగుదాం. కళ్ళు మసకై, అవసరం పైకి చెప్పుకోలేని పెద్దవాళ్ళ కోసం అడుగుదాం. ఎండలో గంప మోస్తూ తిరిగే ఆ తల్లికి దారి పొడుగునా నీళ్ళు దొరకాలని అడుగుదాం. నాలాగా అరుగు మీద కూర్చుని లెక్కపెట్టేవాళ్ళను లేపి, చేతికి ఒక సీసా ఇమ్మని కూడా అడుగుదాం. మీ ప్రార్థనలో మా ఇంటికీ, ఆ పక్కింటికీ చోటివ్వండి. ఆమేన్ అనేది మీరే అనండి.